బుగ్గ ఆనిన చోటు

తాతయ్య తుపాకి తుడిచే రోజున ఇంట్లో ఎవరూ గొంతెత్తి మాట్లాడేవారు కారు. అలా ఉండమని ఆయన ఎన్నడూ చెప్పలేదు గానీ, బల్ల మీద పాత వార్తాపత్రికలు పరిచి, తోలు పెట్టె తెచ్చి, దాని కొక్కాలు రెండూ టక్కుటక్కున విప్పగానే గదిలో అందరి మాటలూ వాటంతట అవే తగ్గిపోయేవి. పెట్టెలో ఎర్రటి ఊలుగుడ్డ పరిచిన అరల్లో ఆ తుపాకి రెండు ముక్కలుగా పడుకుని ఉండేది. ఒక అరలో జంట గొట్టాలు, మరొక అరలో వాల్‌నట్ కర్రతో చేసిన మడమ, అంటే భుజానికి ఆనించే వెనుక భాగం. తూటాలు పెట్టే చోట్లు రెండూ ఖాళీగా ఉన్నాయని ముందు కంటితో చూసి, ఆ తరువాత చిటికెన వేలు కూడా దూర్చి చూసి గానీ ఆయన పని మొదలుపెట్టేవారు కారు. "పెట్టెలో పెట్టిందీ మీరే, తాళం వేసిందీ మీరే కదా తాతయ్యా, మళ్లీ ఎందుకు?" అని ఒకసారి అడిగాను. "నిన్నటి నా మీద నాకు నమ్మకం లేదురా" అన్నారు.

తుడవడం పూర్తయ్యాక గొట్టాలను నా చేతికిచ్చి, కిటికీ వైపు ఎత్తి లోపలికి చూడమనేవారు. మడమ నుంచి విడదీసిన వట్టి గొట్టాలు కాబట్టి ఆ అనుమతి. తుపాకి ఒక్కటిగా ఉన్నప్పుడు దాని మూతి ముందు నా నీడను కూడా పడనిచ్చేవారు కారు. నూనె తుడిచిన ఉక్కు లోపల వెలుతురు ఉంగరాలు ఉంగరాలుగా, ఒకదానిలో ఒకటి ఇమిడి, దూరం వెళ్లే కొద్దీ చిన్నదవుతూ కనిపించేది. కుడి గొట్టంలో ఆ ఉంగరాలు ఎక్కడా చెదరవు. ఎడమ గొట్టంలో మాత్రం మూతికి జానెడు ఇవతల ఆవగింజంత నల్లటి చుక్క ఒకటి, ఒక ఉంగరం అంచును కొరికినట్టుగా ఉండేది. తాతయ్య దాన్ని పుట్టుమచ్చ అనేవారు. నిజానికి అది తుప్పు తిన్న గుంట. ఆయన వయసులో ఉన్నప్పుడు, బాగా అలిసిపోయి తుడవకుండా పెట్టెలో పెట్టేసిన ఒకే ఒక్క రాత్రికి మిగిలిన గుర్తు. పాతకాలపు తూటాల అడుగున ఉండి తుపాకి మందుకు నిప్పు అంటించే క్యాపుల్లో పొటాషియం క్లోరేటు వాడేవారు. అది మండిన తరువాత మిగిలే క్లోరైడు వంటుప్పుకు దగ్గరి చుట్టం కాబట్టి, గాలిలోని తేమను లాగి ఉక్కుకు పట్టిస్తుంది. నూనెలో ఉప్పు కరగదు, నీటిలోనే కరుగుతుంది. అందుకే ముందు మరిగే నీళ్లు గొట్టాల్లో పోసి, ఆ వేడికి అవి ఆరిన తరువాతే నూనె గుడ్డ తొయ్యడం ఆయనకు అలవాటు. క్యాపులు మారిపోయి ఆ ఉప్పు బెడద తీరిన తరువాత కూడా ఆయన నీళ్లు కాచడం మానలేదు.

తుపాకులు ఉన్నవాళ్లు నలుగురు కూడితే తప్పనిసరిగా వచ్చే ప్రశ్న ఒకటి ఉంది. నీ దగ్గరున్న వాటిలో నీకు ప్రాణమైనది ఏది? నేను ఎన్నో ఏళ్లుగా ఆ జవాబులు వింటున్నాను. అందరిలోకీ గురి తప్పనిదో, అన్నిటిలోకీ అపురూపమైనదో తన ప్రాణమని చెప్పిన మనిషి నాకు ఇంతవరకు తారసపడలేదు. గీతలు పడినది, రంగు వెలిసినది, మరమ్మతు చేసినది, ఒక్కోసారి ఇప్పుడు పేల్చడానికి పనికిరానిది చెబుతారు. నా జవాబు కూడా అలాంటిదే గానీ, అందులో నా తప్పు ఒకటి ఉంది. దాన్ని చెప్పడానికి ముందు ఆ తుపాకి గురించి చెప్పాలి.

అది పన్నెండు బోరు జంట గొట్టాల తుపాకి. గొట్టాలు పక్కపక్కన ఉంటాయి, ట్రిగ్గర్లు రెండు, ముందున్నది కుడి గొట్టానికి, వెనుకున్నది ఎడమ గొట్టానికి. పన్నెండు అంటే ఏమిటని అడిగితే, సరిగ్గా ఆ గొట్టంలో పట్టే సీసపు గుండ్లు పన్నెండు కలిస్తే ఒక పౌను తూగుతాయని తాతయ్య చెప్పారు. అంటే గుండు ఒక్కంటికి దాదాపు 38 గ్రాములు, గొట్టం లోపలి వెడల్పు 18.5 మిల్లీమీటర్లు. పదహారు బోరు అయితే పౌనుకు పదహారు గుండ్లు కాబట్టి గొట్టం సన్నబడుతుంది. అంకె పెరిగే కొద్దీ తుపాకి చిన్నదవడం నాకు చాలాకాలం మింగుడుపడలేదు. అంతకన్నా ముందు, ఆ పన్నెండు గుండ్లనూ ఒకేసారి కూరి పేలుస్తారనుకుని, తోటి పిల్లలకు అలాగే చెప్పి, నాలుగు రోజులు గొప్పగా తిరిగాను కూడా.

నిజానికి ఈ తుపాకి తూటాలో ఉండేవి వందల కొద్దీ చిన్న గుండ్లు. కాగితం మీద వాటి చిల్లులు లెక్కపెట్టిన రోజు నాకు ఇంకా బాగా గుర్తు. గొట్టాల మూతి దగ్గర లోపలి వెడల్పును వెంట్రుకవాసి తగ్గించి గుండ్లు చెదిరిపోకుండా చేయడాన్ని చోక్ అంటారు. ఈ రకం తుపాకుల్లో సాధారణంగా కుడి గొట్టానికి చోక్ తక్కువ, ఎడమదానికి ఎక్కువ, ఎందుకంటే మొదటి దెబ్బ దగ్గరి దానికి, రెండో దెబ్బ దూరం వెళ్లిపోతున్న దానికి. ఎడమ గొట్టం మాటేమిటో తేల్చాలని తాతయ్య 40 గజాల దూరంలో పెద్ద కాగితం కట్టి ఒక్క తూటా పేల్చారు. చిల్లులు దట్టంగా ఉన్న చోట నడుమ పెట్టి 30 అంగుళాల వెడల్పు వలయం గీశారు. ఆ వలయంలోని చిల్లులను పెన్సిలుతో ఒక్కొక్కటే కొట్టేస్తూ లెక్కపెట్టడం నా పని. ఆ తూటాలో ఔన్సు బరువు ఆరో నంబరు సైజు గుండ్లు, అంటే సుమారు 270 ఉంటాయి. నా లెక్కకు 183 తేలాయి. తాతయ్య మళ్లీ లెక్కపెట్టి 186 అన్నారు. మూడు చిల్లుల తేడా గురించి మధ్యాహ్నమంతా వాదించుకున్నాం. నూటికి డెబ్బై పడితే దాన్ని ఫుల్ చోక్ అంటారు, దానికి కాస్త ఇవతల ఆగామన్నమాట. ఆ కాగితం చాలాకాలం కిటికీకి వేలాడింది. సాయంత్రపు ఎండ దాని మీద పడినప్పుడు గోడ నిండా చుక్కలు మెరిసేవి.

అప్పటి తూటాలు కాగితపు గొట్టాలతో చేసినవి, అడుగున ఇత్తడి టోపీ. వాటిని పేల్చిన వెంటనే తుపాకి మడిచి బయటికి తీస్తే కాలిన కాగితం, మైనం, తుపాకి మందు కలిసిన ఒక వాసన వచ్చేది. 1960లలో ప్లాస్టిక్ గొట్టాలు వచ్చాక తేమకు ఉబ్బి గొట్టంలో ఇరుక్కునే పీడ వదిలింది గానీ, ఆ వాసన కూడా వాటితోనే పోయింది. తుపాకి మనుషుల జ్ఞాపకంలో సగం ముక్కులోనే ఉంటుందని నా అనుమానం. హాప్స్ నంబర్ నైన్ అని 1903 నుంచి అమ్ముడవుతున్న గొట్టాలు కడిగే ద్రవం ఒకటుంది. దాని సీసా మూత తీస్తే చాలు, నెరిసిన తలలవాళ్లు కూడా కళ్లు మూసుకుని తమ నాన్నల గురించి మాట్లాడతారు.

మా మేనమామకు ప్రాణమైన తుపాకి ఆయనది కాదు. సైన్యంలో ఉన్నప్పుడు ఇచ్చి, వచ్చేటప్పుడు తిరిగి తీసుకున్న లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిలు అది. దాని మ్యాగజైను, అంటే తూటాలు పట్టే పెట్టె, పది తూటాలది, అయిదేసి తూటాల చట్రాలు రెండు పై నుంచి నొక్కితే నిండుతుంది. దాని బోల్టును, అంటే తూటాను గొట్టంలోకి నెట్టి వెనుక మూసే ఉక్కు కడ్డీని, ముందుకు తోసేటప్పుడు స్ప్రింగు బిగుస్తుందే తప్ప, పైకి ఎత్తేటప్పుడు కాదు. అందుకే ఎత్తడం తేలిక, తొయ్యడంలో మాత్రం చివరి అంగుళంలో అరచేతికి ఒక ఎదురు తగులుతుంది. మామయ్య ఆ ఎదురును మాటల్లో చెప్పలేక, గాలిలోనే చెయ్యి ఆడించి చూపించేవారు. ప్రతి రైఫిలుకూ దాని బోల్టు విడిగా సరిపోల్చి అమర్చుతారు కాబట్టి రెండింటి మీదా ఒకే అంకె చెక్కి ఉంటుంది, ఒకదాని బోల్టు మరొకదానికి పెట్టకూడదు. ఇంటి ఫోను నంబరు మరిచిపోయి నన్ను అడిగే వయసులో కూడా ఆయన ఆ అంకెను తడుముకోకుండా చెప్పేవారు. "అది ఇప్పుడు ఎక్కడుందో మామయ్యా" అంటే, "కరిగించేసి ఉంటార్లే" అని, మళ్లీ ఆ అంకె ఇంకొకసారి చెప్పేవారు.

ఒక స్నేహితుడి దగ్గర వాళ్ల నాన్న వాడిన 1894 మోడల్ వించెస్టర్ రైఫిలు ఉంది. జాన్ బ్రౌనింగ్ రూపకల్పన చేసిన లీవరు రైఫిలు. ట్రిగ్గరు చుట్టూ ఉన్న పిడిని కిందికీ పైకీ ఆడిస్తే ఖాళీ తూటా బయటికి పోయి కొత్తది లోపలికి వెళుతుంది. డెబ్బై లక్షలకు పైగా తయారైన తుపాకిని అపురూపమని ఎవరూ అనలేరు. 1964లో ఆ కంపెనీ ఖర్చు తగ్గించుకోవడానికి తయారీ పద్ధతులను మార్చింది. అంతకు ముందువాటినే మనుషులు వెతికి మరీ పట్టుకుంటారు, స్నేహితుడిది కూడా ఆ ముందు కాలానిదే. కానీ అతను ఆ సంగతి ఎప్పుడూ ఎత్తడు. రైఫిలును చేతికిచ్చి, దాని నడుమ భాగం అడుగున చూడమంటాడు. పైన అంతా నీలినలుపు పూత, అడుగున మాత్రం అరచేయంత మేర పూత పోయి తెల్లటి ఉక్కు మెరుస్తూ ఉంటుంది. రైఫిలు బరువు తూగే చోటు అదే, ఒంటి చేత్తో పట్టుకుని నడిచేవాడి చెయ్యి అక్కడే పడుతుంది. "నాన్న చెయ్యి ఇంత ఉండేది" అని అతను తన చేతిని ఆ తెలుపు మీద పెట్టి చూపిస్తాడు. అతని వేళ్లు కొంచెం బయటికి వస్తాయి.

బ్రౌనింగే తయారుచేసిన ఆటో-5 తుపాకి మా ఇంట్లో ఇంకొకటి ఉండేది. వీపు గూనిలా ఉంటుంది కాబట్టి పిల్లలమంతా దాన్ని గూనిది అనేవాళ్లం. పేలినప్పుడు గొట్టం మొత్తం వెనక్కి జరిగి ముందుకు వచ్చే యంత్రం అది. లోపల రాపిడి ఉంగరాలను తేలిక తూటాలకు ఒక వరుసలో, బరువు తూటాలకు ఇంకొక వరుసలో అమర్చాలి. నాన్న ఆ సంగతి తెలియక తేలిక వరుసలో ఉంచి బరువైనవి పేల్చి ముందుకర్రను పగలగొట్టారు. తాతయ్య ఒక్క మాట అనలేదు, పగిలిన కర్ర ముక్కను మాత్రం బల్ల మీద నెలరోజులు అలాగే ఉంచారు. ఆ తుపాకి తరువాత చేతులు మారిపోయింది. దాని మీద నాకు పెద్దగా మమకారం కలగలేదు, మంచి తుపాకే అయినా.

తాతయ్య పోయాక, నియమాల ప్రకారం కాగితాలన్నీ మారి, జంట గొట్టాల తుపాకి నా పేరు మీదికి వచ్చింది. అది లండన్ తుపాకి అని ఆయన జీవితమంతా చెప్పుకున్నారు. గొట్టాల నడుమ పట్టీ మీద లండన్ అని చెక్కి కూడా ఉంది. మొదటిసారి గొట్టాలను తిప్పి, అడుగున చదునుగా ఉండే చోట ముద్రలను భూతద్దంతో చదివాను. కిరీటం కింద బీవీ, కిరీటం కింద బీపీ, కిరీటం కింద ఎన్పీ. అవి 1904 నుంచి 1954 వరకు బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ వేసిన ముద్రలు. ఆ సంస్థ 1813 నుంచి పనిచేస్తోంది. మామూలు కన్నా ఎక్కువ మందు నింపిన తూటాలు పేల్చి, గొట్టాలు తట్టుకుంటేనే ముద్ర వేస్తారు. బర్మింగ్‌హామ్‌లో తయారైన తుపాకుల మీద వేరే ఊళ్లలో అమ్మే దుకాణాల పేర్లు చెక్కడం అప్పటి వ్యాపారంలో మామూలేనని ఆ తరువాత తెలుసుకున్నాను. లోపలి యంత్రాంగం కూడా 1875లో ఆన్సన్, డీలీ అనే ఇద్దరు బర్మింగ్‌హామ్ వాళ్లు కనిపెట్టినదే. ఆ రాత్రి నాకు తాతయ్యతో వాదించాలనిపించింది. మూడు చిల్లుల తేడాకే మధ్యాహ్నమంతా వాదించిన మనిషి, దీనికి వారం రోజులైనా తగ్గేవారు కారు.

ముందుకర్ర తీస్తే గొట్టాల అడుగున ఇంకా చిన్న అక్షరాలు కనిపించాయి. గొట్టాలను సానపట్టినవాడివో, అతుకువేసినవాడివో, పొడి అక్షరాలు రెండేసి. ఎవరికీ కనిపించని చోట ప్రతి పనివాడూ తన గుర్తు వదిలి వెళ్లాడు. మడమ అడుగున మాత్రం సొంతదారు పేరు చెక్కించుకోవడానికి కోడిగుడ్డు ఆకారంలో చిన్న వెండి పలక ఒకటి ఉంటుంది. అది ఖాళీ. చిన్నప్పుడు దాని గురించి అడిగితే, "నాదని దాని మీద రాసుకోవాలట్రా? పట్టుకుంటే తెలియదూ?" అన్నారు తాతయ్య.

ఇక నా తప్పు. తుపాకి వచ్చిన రెండో ఏట దాన్ని కొత్తగా చేద్దామని బుద్ధి పుట్టింది. మడమకు ఎడమ వైపున, బుగ్గ ఆనే చోట, కర్ర మసిబారినట్టు నల్లబడి, మధ్యలో నున్నగా అరిగి, నరాలు కనిపించకుండా పోయింది. పిడి దగ్గర గళ్లు గళ్లుగా చెక్కిన పట్టు సగం చెరిగిపోయింది. నాకు అది మురికిగా కనిపించింది. గరుకు కాగితం తెచ్చి, ముందు ముతకది, తరువాత సన్నది, మూడు రోజులు రుద్దాను. కర్ర కింద నుంచి తేనె రంగు, అందులో పొగలాంటి నల్లటి చారలు బయటపడుతూంటే ఎంత సంబరపడ్డానో చెప్పలేను. అవిసె నూనె పన్నెండు పూతలు వేశాను, పూతకూ పూతకూ మధ్య ఒక రోజు ఆరనిచ్చాను. అద్దంలా తయారైంది.

దాన్ని తీసుకుని, స్ప్రింగు మార్పించడానికి తుపాకులు బాగుచేసే పెద్దాయన ఒకరి దగ్గరికి వెళ్లాను. ఆయన మడమను చేతిలోకి తీసుకుని, కళ్లజోడు సర్దుకుని, బొటనవేలితో కర్ర, ఉక్కు కలిసే అంచు వెంట మెల్లగా ఒకసారి నడిపారు. తయారైనప్పుడు అక్కడ కర్ర ఉక్కు కన్నా ఒక పిసరు ఎత్తుగా ఉంటుంది. నేను రుద్దిన తరువాత కర్ర దిగిపోయి, ఉక్కు అంచు పైకి లేచి, గోటికి తగులుతోంది. "ఎవరు చేశారు బాబూ ఇది?" అని అడిగారు. "నా దగ్గరికి వచ్చేసరికే ఇలా ఉందండీ" అన్నాను. ఆయన తలెత్తి నా చేతుల వైపు చూశారు. నా గోళ్ల చుట్టూ అవిసె నూనె పసుపు ఇంకా పోలేదు. ఆయన ఏమీ అనకుండా స్ప్రింగు పెట్టె కోసం లోపలికి వెళ్లారు.

ఇంటికి వచ్చి తుపాకి భుజానికి ఎత్తి చూసినప్పుడు గానీ నాకు అసలు సంగతి తెలియలేదు. అదివరకు కళ్లు మూసుకుని ఎత్తినా నా బుగ్గ ఆ అరిగిన చోటికి జారి ఆగేది, కళ్లు తెరిస్తే గొట్టాల నడుమ పట్టీ సరిగ్గా కంటి ముందు ఉండేది. ఇప్పుడు బుగ్గ ఆగాల్సిన చోటు లేదు. నలభై ఏళ్ల పాటు తాతయ్య చెమట, ఆయన ముఖానికి రాసుకునే కొబ్బరినూనె, ఆయన గరుకు గడ్డం కలిసి ఆ కర్ర మీద ఒక మనిషి పేరును రాస్తే, దాన్ని మురికి అనుకుని మూడు రోజులు కూర్చుని చెరిపేశాను. ఆ పొడిని చీపురుతో ఊడ్చి పారేసింది కూడా నేనే.

కొన్నేళ్ల తరువాత, చేసినదానికి ఏదైనా దిద్దుబాటు ఉంటుందేమోనని, ఖాళీ వెండి పలక మీద తాతయ్య పేరులోని పొడి అక్షరాలు చెక్కించాలనుకుని మళ్లీ ఆ పెద్దాయన దగ్గరికే వెళ్లాను. ఈసారి నిజం చెప్పాను. ఆయనకు మొదటే తెలుసని ఇద్దరికీ తెలుసు. పలకను తిప్పి చూసి, "చెక్కమంటే చెక్కుతాను, ఒక్క పూట పని. ఆయన ఎందుకు చెక్కించుకోలేదంటావు?" అన్నారు. "పట్టుకుంటే తెలియదూ" అన్న మాట నా నోటి దాకా వచ్చి ఆగిపోయింది. తుపాకిని తిరిగి పెట్టెలో పెట్టుకున్నాను.

ఇప్పటికీ నెలకొకసారి వార్తాపత్రికలు పరిచి దాన్ని తుడుస్తాను. నీళ్లు కాచాల్సిన అవసరం ఏమీ లేకపోయినా కాస్తాను. మడమ పట్టుకున్నప్పుడల్లా ఆ ఉక్కు అంచు బొటనవేలికి తగులుతుంది. గొట్టాలు కిటికీ వైపు ఎత్తి, ఎడమదానిలో నల్ల చుక్క ఉందో లేదో చూసుకుంటాను. గొట్టం లోపల సానపట్టించి దాన్ని తీసేయవచ్చని ఒకరిద్దరు చెప్పారు. ఇంతవరకు ఆ పనికి ఎవరి చేతికీ ఇవ్వలేదు.